గడప దాటే పాలు

“నీళ్ళు కలిపావా?” అని అడిగితే “కలిపేను బాబూ” అంది తవిటమ్మ.

శ్రీకాకుళం వంతెన మొదట్లో, ఏటి ఇసుక దాటి రోడ్డెక్కేచోట, పాల బిందెలు దింపించి వరసగా నిలబెట్టిన ఆడవాళ్ళంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు జగన్నాధం చేతిలో పాల చిక్కదనం కొలిచే గాజుగొట్టం, లాక్టోమీటరు, గాలిలోనే ఆగిపోయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అతను ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు గాని, ఈ జవాబు వినడం మాత్రం అదే మొదలు. ఆమెకు ముందు నిలబడ్డ గున్నమ్మ, నీలిరంగు తిరిగిన తన పాల మీద అరచెయ్యి పెట్టి, పిల్లల మీదా పశువుల మీదా ఒట్టేసి మరీ చుక్క నీరు తగల్లేదని చెప్పింది. ఆ పాలలో పంచదార పడిందో పిండి పడిందో, గాజుగొట్టం కూడా ఆమె మాటే నిజమన్నట్టు నిటారుగా నిలబడింది.

“ఏమే, నేనడిగింది అర్థమైందా?” అన్నాడు జగన్నాధం.

“అర్దమైంది బాబూ. నీళ్ళు కలిపేవా అన్నారు. కలిపేను.”

“ఎంత?”

“సుక్క. ఏళ్ళు ముంచి ఇదిలిస్తే రాలినంత.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గున్నమ్మ మోచేత్తో ఆమెను పొడిచి, “ఓలి పిచ్చిదానా, నోరు మూసుకోయే” అని గొణిగింది.

తవిటమ్మకు నోరు మూసుకోవలసిన అవసరం కనపడలేదు. వాళ్ళ ఊళ్ళో పాలు గడప దాటేటప్పుడు చుక్క నీళ్ళు చిలకరించడం అందరూ చేసేదే. వట్టి పాలు బయటివాళ్ళ చేతికిస్తే గేదెకు దిష్టి కొడుతుందనీ, పొదుగు గట్టిపడి పగులుతుందనీ పెద్దవాళ్ళ నమ్మకం. గుమ్మం దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టుకుని, వేళ్ళు ముంచి, బిందె మీద విదిలించి, అప్పుడు నెత్తికెత్తుకోవాలి. బిడ్డకు బుగ్గన చుక్క పెట్టడం ఎలాగో ఇదీ అలాగే. దాన్ని దాచాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

జగన్నాధం పాలను సీసాల్లో పోయించి, చెడిపోకుండా మందు వేసి, లక్క సీలు వేశాడు. ఒక సీసా ఆమె చేతికే ఇచ్చాడు. తర్వాత కాగితం మీద ఏదో రాసి, సిరా దిమ్మ ముందుకు తోశాడు.

“వేలిముద్ర వెయ్యి.”

“ఏటి రాసేరో సదవండి బాబూ.”

అతను విసుగ్గానే చదివాడు. “పాలలో నీళ్ళు కలిపి, కల్తీ చేసి, పట్టణంలో అమ్ముచున్నట్లు ఒప్పుకొనుచున్నాను.”

“కల్తీ అని నానన్నానా?”

“కలపడమంటే కల్తీయే.”

“అన్నంలో నెయ్యి కలుపుకుంతారు. అదీ కల్తీయేనా బాబూ? కలిపేనంటే కలిపేననే రాయండి. నానన్న మాటకి ఏలేస్తాను. మీరన్న మాటకి నా ఏలెందుకు?”

ఆడవాళ్ళు ఈసారి గట్టిగానే నవ్వారు. జగన్నాధానికి చెవులు ఎర్రబడ్డాయి. అతను చెడ్డవాడు కాదు. కాని పేటలో చాలామంది పిల్లలు వాంతులతో, విరేచనాలతో మంచాన పడ్డారు. కొందరిని పెద్దాసుపత్రిలో చేర్చారు. పడ్డవాళ్ళంతా నరసింగరావు కొట్లో పాల ఐసు తిన్నవాళ్ళే. నరసింగరావును అడిగితే, “ఐసులో ఏముంటుందండీ, పాలే గదా! ఆ పాలు ఏటవతలి ఆడాళ్ళు పోసినవి” అన్నాడు. దాంతో హెల్తాఫీసరు జగన్నాధాన్ని వంతెన మీదికి పంపాడు. ఎవరో ఒకరిని పట్టుకు వెళ్ళకపోతే అతని పరువు దక్కదు. అలాంటి సమయంలో ఒకతి తనంతట తనే ‘కలిపేను’ అంది.

“రేపు ఆఫీసుకి రా. డాక్టరుగారే తేలుస్తారు. అందాకా నీ పాలు ఊళ్ళోకి రావడానికి వీల్లేదు.”

పక్కనే ఆగిన జట్కావాడు మెడ సాచి చూసి, “పిల్లల్ని మంచాన పడేసిన పాలు ఈవిడవేనా?” అన్నాడు.

తవిటమ్మ బిందె ఎత్తుకుని వెనక్కి నడిచింది. ఎండాకాలం కావడంతో ఏరు సన్నబడి ఇసుకలో ఒక పక్కకు ఒదిగిపోయింది. ఆమె ఇసుక దాటేసరికి జట్కావాడి మాట ఆమె కంటే ముందే ఊరు చేరింది.

*

“ఎవులైనా అడిగితే సెప్పేస్తారేటే?” అని అత్త జగ్గమ్మ అందుకుంది. “ఇంటి మాట తీసుకెళ్ళి ఈదిలో పెట్టేసినావు.”

“మరేటి సెప్పమంతావత్తా? రోజూ గుమ్మంలో నిలబడి సుక్కేసేవా నేదా అని నా పేణం తీసేది నువ్వే గదా!”

“ఏయమన్నాను. సెప్పమన్నానా?”

తవిటమ్మ గేదెలకు కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది. చెయ్యి కుడితిలో ఉన్నా మనసు జట్కావాడి మాట మీదే ఉంది. ఆమె కంటే ముందు పుట్టినవాళ్ళంతా పోతే, ఆమెను పుట్టగానే పొరుగింటావిడకు ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది తల్లి. అందుకే ఆ పేరు. పిల్లలు పోయిన ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాలు పోసే పనే పోతే గేదెలను అమ్ముకుని కూలికి పోవచ్చు. పిల్లల్ని మంచాన పడేసిన మనిషి అన్న పేరు ఒకసారి పడితే దాన్ని అమ్ముకోవడానికి ఏ సంతా ఉండదు.

పొద్దు వాలుతుండగా నరసింగరావు జట్కా దిగాడు. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు, చేతిలో ఫ్లాస్కు. ఆ ఊళ్ళో ఎవరి ఇంటికీ ఎన్నడూ రాని మనిషి వాకిట్లోకి వచ్చి, “ఏటి పిన్నీ, బాగున్నావా?” అంటూ జగ్గమ్మను పలకరించి, ఫ్లాస్కు మూత తీసి పుల్ల ఐసు ఆమె చేతిలో పెట్టాడు. జగ్గమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి, వాసన చూసి, చివరకు నోట్లో పెట్టుకుంది.

“సిన్న మాట తవిటమ్మా,” అన్నాడు అతను. “ఆ కాగితం మీద వేలేసెయ్. జరిమానా నేను కట్టుకుంటాను. నీ గేదెలు ఎన్ని పాలిస్తే అన్నీ నా కొట్టుకే పొయ్యి. ఆషాఢం ఎల్లేసరికి ఎవులికీ గుర్తుండదు.”

“మరి ఆ పిల్లలో?”

“ఏ పిల్లలు?”

“డోకులైన పిల్లలు. నా పాల వల్లే అని నానేలేస్తే, ఆళ్ళ అమ్మలు రేపు నా మొకం మీద ఉమ్మరేటి?”

“ఎవరో ఒకరి మీద పడాలి గదమ్మా. నా కొట్టు మూతపడితే నీ పాలు మాత్రం ఎవులు కొంటారు?”

ఈలోగా జగ్గమ్మ పుల్ల చప్పరిస్తూ, “ఓరి బాబూ, ఇందులో పాలేవిరా? ఒట్టి తీపి నీళ్ళే గదా!” అంది.

నరసింగరావు పడీ పడీ నవ్వాడు. “పాలన్నీ గడ్డ కట్టిస్తే నా కొంప మునిగిపోదా పిన్నీ? పాలు వాసనకి, పంచదార నాలుక్కి. మిగతాదంతా నీళ్ళే. యాపారమంటే అదే మరి!”

తవిటమ్మ అతని వైపే చూస్తూ నిలబడింది. “ఆ నీళ్ళెక్కడివి బాబూ?” అంది.

నవ్వు ఆగిపోయింది. “నీళ్ళెక్కడివేటి? నీళ్ళు నీళ్ళే” అని అతను ఫ్లాస్కు మూత బిగించుకుని జట్కా ఎక్కాడు.

జవాబు అతను చెప్పకపోయినా ఆమెకు తెలుసు. తెల్లవారే వేళ ఇసుక దాటి వస్తుంటే చాకిరేవు దగ్గర నరసింగరావు పీపా బండి రోజూ కనపడేది. చాకళ్ళు బండల మీద బట్టలు బాదుతుంటే, వాళ్ళ కాళ్ళ దగ్గరి నీళ్ళే కడవతో తోడి పీపాలో నింపేవాడు బండివాడు. మునిసిపాలిటీ కుళాయి ఎండలకు సరిగ్గా రావడం లేదు గదా, కొట్టు కడుక్కోవడానికి కాబోలు అనుకునేది. ఇప్పుడు ఆమె ఒక్క అంగలో అత్త దగ్గరకు వెళ్ళి పుల్ల లాక్కుని పెంటకుప్ప మీదకు విసిరేసింది.

“తిననీవే, ఆకరి ముక్కే గదా!” అని జగ్గమ్మ లబలబలాడింది.

*

హెల్తాఫీసరు డాక్టరుగారు పెద్ద వయసు మనిషి. మర్నాడు ఆఫీసులో తవిటమ్మ చుక్క నీళ్ళ ఆచారం గురించి చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. జగన్నాధం రాసిన కాగితం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆ చుక్క నీళ్ళు ఎక్కడివమ్మా?”

“సెలమ నీళ్ళు బాబూ. ఏటి ఇసకలో తవ్వుకుంతాం.”

“కాస్తావా?”

“సుక్క నీళ్ళు కాసేదేటి బాబూ?”

“అక్కడే ఉంది తప్పు. నువ్వు మోసం చెయ్యలేదు, నమ్ముతాను. కాని ఈ రోజుల్లో ఏటి నీళ్ళలో రోగం ఉంది. కంటికి కనపడదు. పాలలో పడిందంటే అక్కడే పెరుగుతుంది. బిందెడు పాలు పాడు చెయ్యడానికి ఒక్క చుక్క చాలు.”

ఇంతవరకూ ఎవరూ ఆ మాట అలా చెప్పలేదు. దొంగ అన్నవాళ్ళకు ఎదురు చెప్పడం సులువు. ఈయన దొంగ అనలేదు. తన చెయ్యి, ఆ వేళ్ళు, ఆ చెంబు కళ్ళ ముందు మెదిలాయి. తవిటమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని తల ఎత్తింది.

“మీరన్నది నిజమే అవొచ్చు బాబూ. ఈయాల్టి నుంచి కాసిన నీళ్ళే సుక్కేస్తాను. మరి నాకొకటి సెప్పండి. సుక్కే బిందెడు పాలు పాడు సేస్తే, పీపాడు నీళ్ళేటి సేస్తాయి?”

“ఏ పీపా?”

ఆమె చాకిరేవు సంగతీ, బండి సంగతీ, నరసింగరావు తన వాకిట్లో నిలబడి నవ్వుతూ అన్న మాటా చెప్పింది. డాక్టరుగారు జగన్నాధం వైపు చూశాడు.

“ఐసుకి లాక్టోమీటరు లేదండి,” అన్నాడు జగన్నాధం నీళ్ళు నములుతూ. “శాంపిలు పంపుదామన్నా దారిలోనే కరిగిపోతుంది.”

“కరిగితే నీళ్ళే గదా బాబూ! వంతెన మీద నన్ను నిలబెట్టి అడిగింది నీళ్ళ గురించే గదా.”

డాక్టరుగారికి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. కిటికీలోంచి బయటకు చూశాడు. నరసింగరావు మునిసిపల్ ఛైర్మన్‌గారికి కావలసినవాడు. ఎన్నికలప్పుడు వార్డంతా అతని చేతిలో ఉండేది. “సరే, చూద్దాం” అన్నాడు. “నువ్వు మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఊళ్ళో పాలు పొయ్యకు.”

“ఎప్పుడు సూస్తారు బాబూ? ఇంకా ఎందరు పిల్లలు మంచాన పడ్డాక?”

“ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావు!” అని జగన్నాధం లేచాడు.

“డాక్టరు బాబుతోటి. ఏలు మాత్రం ఎయ్యను. నా పాలు సీసాలో పెట్టి సీలేసేరు, మంచిదే. ఆ ఐసు కూడా సీసాలోకి ఎక్కిన్నాడు పిలవండి, వస్తాను.”

ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

*

మర్నాడు తెల్లవారుజామునే నీళ్ళు కాచి, చల్లార్చి, చెంబులో పోసి గుమ్మంలో పెట్టింది. జగ్గమ్మ చెంబు ముట్టుకు చూసి మూతి తిప్పింది. “కాసిన నీళ్ళకి దిష్టి తీసే బలం ఉంటాదేటే? ఉడికి సచ్చిన నీళ్ళు!”

“ఉడికితే సచ్చేది రోగమంట అత్తా. బలమెక్కడికీ పోదు.”

“ఊళ్ళో పొయ్యొద్దన్నారు గదే, బిందెత్తుతావేటి?”

“పొయ్యొద్దన్నారు. మొయ్యొద్దన్నేదు.”

ఇసుక మీద పాల ఆడవాళ్ళు ఆమెను చూసి నడక తగ్గించారు. తవిటమ్మ గున్నమ్మ పక్కకు వెళ్ళి, “అప్పా, ఈయాల నరసింగరావుకి పాలు పొయ్యకండి. కొట్టు ముందు దింపి కూకుందాం” అంది.

“నీకేటే, నీ పాలు ఎలాగూ ముట్టుకోరు. మా పాలెందుకు ఇరగ్గొట్టుకోవాలి?”

“ఈయాల నా మీదికి నెట్టేడు. ఇంకో పిల్ల మంచాన పడితే ఎవుల పేరు సెప్తాడు? పిల్లల మీద, పశువుల మీద నువ్వేసిన ఒట్టు అందరూ ఇన్నారు. నీ పాల రంగు కూడా అందరూ సూసేరు.”

గున్నమ్మ ఎడమవైపు తల తిప్పి చూసింది. చాకిరేవులో పీపా బండి నిలబడి ఉంది. సబ్బు నురుగు చక్రాల చుట్టూ తిరుగుతోంది. “నాను నీళ్ళు కలిపినదాన్నే” అంది చివరకు. “గాని మా నూతి నీళ్ళేనే. ఇలాటియి కావు తల్లీ.”

నరసింగరావు కొట్టు తలుపు తీసేసరికి మెట్ల కింద బిందెలన్నీ మూతలతో వరసగా ఉన్నాయి, వాటి వెనక ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని ఉన్నారు.

“లెగండి, పొయ్యండి, మిషను తిప్పాలి” అన్నాడతను.

“నీ నీళ్ళెక్కడివో సెప్పు, పోస్తాం” అంది గున్నమ్మ.

“ఓసి, నువ్వా నీళ్ళ గురించి మాట్లాడేది!”

“నానే. నీళ్ళ సంగతి నాకు తెలిసినంత ఎవులికి తెలుసు?”

వీధి వీధంతా నవ్వింది. జనం పోగయ్యారు. అందులోంచి లక్ష్మణమ్మ ముందుకు వచ్చింది. ఆ వీధి చివర ఇల్లే ఆమెది. తవిటమ్మ రోజూ పాలు పోసే ఇల్లు. ఆమె పెద్దకొడుకు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. నిద్ర లేక కళ్ళు లోతుకుపోయాయి.

“నీ పాలేనా తవిటమ్మా? నిజం చెప్పు” అంది.

ఆ గొంతులో కోపం ఉంటే తవిటమ్మ తట్టుకునేది. కోపం లేదు, అలసట ఉంది. తవిటమ్మ లేచి నిలబడింది.

“మీ సంటిది బాగుందా తల్లీ?”

“బాగుంది.”

“అది తాగేది నా పాలే గదా. కాసి పడతారు మీరు. మీ పెద్దాడు ఇంట్లో ఆ పాలే తాగేడు. ఆడు ఈ కొట్లో ఐసు కూడా తిన్నాడు. సంటిది తిన్నేదు. అంతకంటే నాకు తెలీదు. నాను దేవుణ్ణి కాను, డాక్టర్నీ కాను. తప్పు నాదైతే మీ గుమ్మంలో నిలబడి నానే సెప్తాను. ఎవుడో నా ఏలికి సిరా రాస్తే మాత్రం ఒప్పుకోను.”

లక్ష్మణమ్మ వచ్చి, తన చీర కుచ్చిళ్ళు దుమ్ములో పడుతున్నా లెక్క చెయ్యకుండా, పాల ఆడవాళ్ళ పక్కన మెట్టు మీద కూర్చుంది.

అప్పుడే పీపా బండి వీధి మలుపు తిరిగింది. నరసింగరావు చెయ్యి ఊపుతూ వెనక్కి పొమ్మని సైగ చేశాడు. బండివాడు అది రమ్మనడమనుకుని ఎద్దును అదిలించాడు. జనం దారి ఇచ్చినట్టే ఇచ్చి బండి చుట్టూ మూసుకున్నారు.

గొడవ జరుగుతోందని ఎవరు చెప్పారో, డాక్టరుగారు జగన్నాధాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా వెళ్ళి పీపా మూత ఎత్తాడు. సబ్బు వాసన వీధిలోకి వచ్చింది. లోపలి చెక్కలకు పాచి పట్టి ఆకుపచ్చగా ఉంది. నీటి మీద ఎవరి చొక్కా బొత్తామో ఒకటి తేలుతోంది.

“ఇది కొట్టు కడగడానికండీ!” అన్నాడు నరసింగరావు.

“మరి ఐసుకి వాడే నీళ్ళు చూపించు” అన్నాడు డాక్టరుగారు.

లోపల చూపించడానికి మరో తొట్టి లేదు. జగన్నాధం మిషనులోంచి పుల్ల ఐసులు తీయించి, కరగనిచ్చి, వాటినీ పీపా నీళ్ళనూ వేరువేరు సీసాల్లో పోసి సీలు వేశాడు. వేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. పీపా కాలవలోకి ఒంపించి, మిషను గదికి తాళం వేయించాడు డాక్టరుగారు.

“ఛైర్మన్‌గారితో మాట్లాడతాను!” అని నరసింగరావు తువ్వాలు దులిపాడు.

“వెళ్ళేటప్పుడు ఆయనకీ ఒక పుల్ల పట్టుకెళ్ళు” అంది లక్ష్మణమ్మ.

డాక్టరుగారు తవిటమ్మ వైపు తిరిగి, “నీళ్ళు కాచావా?” అని అడిగాడు. కాచానన్నట్టు ఆమె తల ఊపింది. “అయితే వెళ్ళు, నీ పాలు నువ్వు పోసుకో.”

ఆమె కదల్లేదు.

“నాకు తోవ ఇచ్చేరు, దండం బాబూ. నా పేరు మాట? వంతెన మీద పదిమందిలో ఆయన నోటంట కల్తీ అన్న మాట వచ్చింది. దాన్ని ఆయన నోటంటే తియ్యాలి.”

జగన్నాధం మొహం చిట్లించాడు. “రిపోర్టు రాకుండా నీ పాలు మంచివని నేనెలా చెప్పను?”

“మంచియని సెప్పొద్దు. రిపోర్టు రానేదని సెప్పండి. రాకముందే కల్తీ అని రాసేను, అది తప్పు అని సెప్పండి. ఉన్నదున్నట్టు సెప్తే సాలు. నాను సెప్పలేదేటి?”

అతను డాక్టరుగారి వైపు చూశాడు. ఆయన లక్క సీళ్ళు ఎండాయో లేదో చూసుకుంటూ ఉండిపోయాడు. జగన్నాధం జేబులోంచి కాగితం తీశాడు. ఒకసారి మడత విప్పి, మళ్ళీ మడిచి, రెండు ముక్కలు చేశాడు.

“తవిటమ్మ పాల మీద రిపోర్టు రాలేదు. రాకముందే కల్తీ అని రాయడం... తప్పు.”

“ఇనపళ్ళేదు!” అని గున్నమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

“తప్పు!” అని అరిచాడు జగన్నాధం.

వీధిలో ఎవరూ నవ్వలేదు. తవిటమ్మ వంగి బిందె ఎత్తుకుంది. లక్ష్మణమ్మ లేచి, చీర దులుపుకుని, ముందు నడిచింది. రోజూ ఆ ఇంటి పెరటివైపు నుంచి పాలు పోసే తవిటమ్మ ఈవేళ వీధి వాకిట్లోనే ఆగి, ఇరుగూ పొరుగూ గుమ్మాల్లోకి వచ్చి చూసేటట్టు “పాలమ్మా, పాలూ!” అని కేక వేసింది.